1912 కార్లైల్ జట్టు: ఆర్మీ మీద 27–6 వెనక ఉన్న సీజన్

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. "కార్లైల్ ఇండియన్స్ 27, ఆర్మీ 6" అని 1912 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ స్కోరు ఒకటి మీ కంటపడింది, ఆ ఇండియన్స్ మనవాళ్లేనా అన్నది మొదటిది. ఒక బడి జట్టు, ఆర్మీ పేరుతో ఆడే అమెరికా సైనిక అకాడమీని అంత తేడాతో ఎలా ఓడించిందన్నది రెండోది. తర్వాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ మోకాలిని ఆ మ్యాచ్‌లోనే కార్లైల్ మేటి ఆటగాడు జిమ్ థార్ప్ విరగ్గొట్టాడన్న మాట నిజమేనా అన్నది మూడోది.

నేను పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ దగ్గర, ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. కార్లైల్ ఊరు మా ఇంటికి కారులో అరగంట. మా అబ్బాయి హైస్కూల్లో ఆడిన రోజుల్లో మైదానం అంచున పది గజాల కొలత గొలుసు పట్టుకునే పనికి ఒప్పుకున్నాను, వాడు కాలేజీ దాటి ఉద్యోగంలో చేరినా నేను ఆ పని మానలేదు. ఈ సీజన్ గురించి దొరికిందల్లా చదివాను, ఆ బడి ఉన్న చోటికి చాలాసార్లు వెళ్లాను. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందుగా, వాళ్లు మనవాళ్లు కాదు. అమెరికా మూలవాసులు, మన చిన్నప్పటి పాఠాల్లో రెడ్ ఇండియన్లని రాసిన జనం. ఆ మాట ఇప్పుడు వాడకూడదు. తెగ పేరు తెలిస్తే తెగ పేరుతో చెప్పడం మర్యాద. థార్ప్ సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. క్వార్టర్‌బ్యాక్‌గా జట్టును నడిపించే గస్ వెల్చ్, ట్యాకిల్‌గా ముందు వరసలో ఎదుటివాళ్లను అడ్డుకునే జో గయాన్ ఓజిబ్వేలు. పీట్ కెలాక్ కాలిఫోర్నియా వైపు లుయిసెన్యో. ఒకరి భాష ఇంకొకరికి రాదు. వందల మైళ్ల దూరం నుంచి తెచ్చి ఒకే చొక్కా తొడిగిన పిల్లలు వాళ్లు.

ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అన్నది తెలియకుండా ఆ స్కోరు అర్థం కాదు. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి కార్లైల్‌లోని పాత సైనిక శిబిరంలో ఈ బడి పెట్టాడు. ఇండియన్‌ని చంపి మనిషిని బతికించాలన్నది ఆయన సిద్ధాంతం. 1892లో సభలో నిలబడి బాహాటంగానే ఆ మాట చెప్పాడు. రైలు దిగిన పిల్లలకు జుట్టు కత్తిరించారు, ఇంగ్లిష్ పేర్లు పెట్టారు, అమ్మ నేర్పిన భాష నోట వస్తే శిక్షించారు. సగం పూట చదువు, సగం పూట పని. వడ్రంగం, కమ్మరం, దర్జీ పని, పొలం పని నేర్పేవారు. అంటే పేరుకు కాలేజీ జట్లతో ఆడినా కార్లైల్ కాలేజీ కాదు, వృత్తి పనులు నేర్పే వసతి బడి. అలాగని జట్టంతా చిన్నపిల్లలని అనుకోకండి. చాలామందికి ఇరవై దాటాయి, థార్ప్‌కి అప్పటికి 25. ఇది అన్యాయమని అప్పట్లోనే ప్రత్యర్థులు గొణిగేవారు. కానీ ఆ బడి నుంచి డిగ్రీతో బయటపడే దారే వాళ్లకు లేదన్నది కూడా నిజమే.

ఇక ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదిది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని అవతలి గీత దాటించాలి, పట్టి పడేయడానికి ఎదుటివాళ్లుంటారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాణ్ని పట్టడం చూసినవాళ్లకు ఇందులోని 'పట్టు' వెంటనే అర్థమవుతుంది. 1905 దాకా ఈ ఆట దాదాపు గుంపు తోపులాట. చేతులు పెనవేసుకుని ఒక ముద్దలా దూసుకెళ్లడమే వ్యూహం. ఆ ఏడు దేశమంతటా కుర్రాళ్లు చనిపోవడంతో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలేజీలవాళ్లను పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. 1906లో బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించారు. అయినా దాని చుట్టూ బోలెడు ఆంక్షలు మిగిలిపోయాయి.

1912లో నిబంధనలు మళ్లీ మారాయి. ఈ సీజన్‌కి అసలు తాళంచెవి అక్కడుందని నా నమ్మకం. పది గజాలు ముందుకు జరగడానికి అంతకుముందు మూడు ప్రయత్నాలుండేవి, నాలుగు చేశారు. మైదానం 110 గజాల నుంచి 100కి తగ్గింది, రెండు చివర్లా గీత అవతల పదేసి గజాల జాగా, ఎండ్ జోన్, వచ్చింది. బంతిని అవతలి గీత దాటిస్తే, అంటే టచ్‌డౌన్‌కి, 5 పాయింట్ల బదులు 6. బంతిని 20 గజాలకు మించి ముందుకు విసరకూడదన్న హద్దు పోయింది. బంతి కూడా కాస్త సన్నబడి చేతికి ఇమిడేలా అయింది.

గొలుసు పట్టేవాణ్ని కాబట్టి ఆ నాలుగో ప్రయత్నం విలువ నాకు బాగా తెలుసు. మూడే ఉన్నప్పుడు ఒక్క ఎత్తు బెడిసికొట్టినా బంతిని తన్ని అవతలివాళ్లకు ఇచ్చేయాల్సిందే. అందుకే అందరూ జాగ్రత్తపడి బరువునే నమ్ముకునేవారు. నాలుగు దొరికేసరికి ఒకటి సాహసానికి ఖర్చు పెట్టుకోవచ్చు. పెద్ద కాలేజీల ముందు వరసలతో పోలిస్తే కార్లైల్ కుర్రాళ్లు బరువులో తక్కువ, వేగంలో ఎక్కువ. వాళ్ల కోచ్ గ్లెన్ వార్నర్, అందరూ 'పాప్' అని పిలిచేవారు, ఆ తేడా మీదే తన బుర్రంతా పెట్టినవాడు. 1903లో హార్వర్డ్ మీద ఒక ఆటగాడి జెర్సీ వీపులో బంతి దాచి గీత దాటించిన ఘనుడాయన. ఆట నిబంధనల పుస్తకం కొత్తగా అచ్చయి వస్తే అందులో తన పిల్లలకు పనికొచ్చేది ఏముందో ముందు వెతికేవాడు. 1912లో వెతకాల్సిన పనే లేకపోయింది. ఆ మార్పులన్నీ కార్లైల్ కోసమే చేసినట్టున్నాయి.

ఆ వేసవిలో ఇంకొకటి జరిగింది. స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో థార్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అదే బడికి చెందిన హోపీ తెగ పరుగువీరుడు లూయిస్ టెవానిమా 10,000 మీటర్లలో వెండి పతకం తెచ్చాడు. ఆగస్టులో ఇద్దరినీ కార్లైల్ వీధుల్లో ఊరేగించారు. టెవానిమా 1907లో ఆ బడికి విద్యార్థిగా దరఖాస్తు పెట్టి రాలేదు. ప్రభుత్వానికి ఎదురుతిరిగిన హోపీల్లో ఒకడిగా పట్టి తెచ్చారు. అయిదేళ్లకు దేశం కోసం పతకం తెచ్చాడని అదే ఊళ్లో జేజేలు కొట్టారు. ఆ ఊరేగింపు గురించి చదివిన ప్రతిసారీ నాకు మనసు చేదవుతుంది.

సెప్టెంబరు 21న సీజన్ మొదలైంది. ఆల్‌బ్రైట్ మీద 50–7, లెబనాన్ వ్యాలీ మీద 45–0, సొంతూరి పొరుగు డికిన్సన్ మీద 34–0, విలనోవా మీద 65–0. నాలుగూ పన్నెండు రోజుల్లో అయిపోయాయి. ఇప్పుడు వారానికి ఒక్క మ్యాచ్ ఆడి మంచుగడ్డలు కట్టుకుని కూర్చునే కుర్రాళ్లను చూస్తూ ఈ తేదీలు చదివితే నమ్మబుద్ధి కాదు. అయిదోది అక్టోబరు 5న వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో. అక్కడ బండి ఆగింది. థార్ప్ ఫీల్డ్ గోల్స్, అంటే గోలు కర్రల మధ్యగా తన్నాల్సిన బంతులు, గురితప్పాయి, 0–0తో డ్రా.

తర్వాతి వారం సిరక్యూస్. అంతకుముందు ఏడు, అంటే 1911లో, కార్లైల్ హార్వర్డ్‌ని 18–15తో ఓడించి దేశాన్ని నివ్వెరపరిచింది, ఆ రోజు థార్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. సరిగ్గా వారం తిరిగేసరికి సిరక్యూస్ చేతిలో 12–11తో ఓడింది. ఆ ఏడాది మొత్తానికీ అదొక్కటే ఓటమి, ఒక్క పాయింటు తేడా. ఆ మంట ఏడాదంతా రగిలినట్టుంది, 1912లో సిరక్యూస్‌కి ఒక్క పాయింటూ ఇవ్వకుండా 33–0 అనిపించారు. ఆ పైన పిట్స్‌బర్గ్ మీద 45–8. శనివారం వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ మీద 34–20, రైలెక్కి సోమవారానికల్లా కెనడాలో టొరంటో జట్టు మీద 49–1. ఆ మ్యాచ్‌లో కొంత భాగం అమెరికా పద్ధతిలో, కొంత కెనడా రగ్బీ పద్ధతిలో ఆడారు, ఆ వింత ఒక్క పాయింటు అందుకే కనిపిస్తుంది. మళ్లీ శనివారానికి లీహై మీద 34–14.

మిగతా జట్లు సొంత మైదానంలో కూర్చుని అతిథుల కోసం ఎదురుచూస్తుంటే వీళ్లు బతుకంతా రైలు పెట్టెల్లోనే గడిపారు. టికెట్ల డబ్బులో వాటా వచ్చేది పెద్ద ఊళ్లలోనే, అందుకే ఆ ప్రయాణాలు. ఆ డబ్బు ఏమైందో చివర్లో చెబుతాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నవంబరు 9, సైనిక అకాడమీ ఉన్న వెస్ట్ పాయింట్. ఎదురుగా ఉన్నది సైన్యంలో అధికారులు కాబోయే కుర్రాళ్లు. సైన్యం మూలవాసుల్లో లకోటా తెగ జనాన్ని కాల్చి చంపిన వూండెడ్ నీ ఘటన 1890 డిసెంబరు నాటిది, అప్పటికి గడిచింది 22 ఏళ్లే. కార్లైల్ జట్టులో కొందరు అప్పటికే పుట్టి ఉన్నారు. ఈ లెక్క ఆ రోజు మైదానంలో ఎవరూ ఎవరికీ గుర్తుచేయాల్సిన అవసరం లేదు.

వార్నర్ ఈ మ్యాచ్ కోసమే ఒక కొత్త అమరిక దాచి ఉంచాడు. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ వెనక నిలబడి బంతితో పరిగెత్తే ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లనూ ముందుకు తెచ్చి, ముందు వరసకి రెండు రెక్కల్లా చెరో కొసనా నిలబెట్టాడు. డబుల్ వింగ్ అంటారు. దీనివల్ల ఏమవుతుందంటే, బంతి చేతులు మారిన క్షణంలో ఇద్దరిలో ఎవడు తీసుకున్నాడో, ఎటు పరిగెడతాడో, అసలు పరిగెడతాడా లేక విసురుతాడా అన్నది ఎదుటివాడికి తెలియదు. పైగా రెక్కల దగ్గరున్నవాడు ఒక్క అడుగు వేస్తే చాలు, బంతి అందుకోవడానికి ఖాళీలో ఉంటాడు. ఇప్పటి జట్లు ఆటగాళ్లను వెడల్పుగా పరిచి ఆడే పద్ధతికి మూలం ఇక్కడే కనిపిస్తుంది.

మొదట గీత దాటింది ఆర్మీయే, 6–0. టచ్‌డౌన్ తర్వాత బంతిని తన్ని సంపాదించే అదనపు పాయింటు మాత్రం తప్పిపోయింది. విరామానికి కార్లైల్ 7–6తో ముందుంది. రెండో సగంలో ఆర్మీకి ఒక్క పాయింటు రాలేదు, కార్లైల్ 20 చేసింది. నాలుగు టచ్‌డౌన్లలో మూడు అలెక్స్ ఆర్కాసావి, ఒకటి జో బెర్గీది. మళ్లీ చదవండి, అందులో థార్ప్ పేరు లేదు. మర్నాటి న్యూయార్క్ టైమ్స్ థార్ప్‌ని ఆకాశానికెత్తింది, అందులో తప్పేమీ లేదు, ఆయన పరుగులు ఆర్మీ వెన్ను విరిచాయి. కానీ ఆయన ఎటు కదిలితే అటు అయిదారుగురు పరిగెత్తడం వల్లే ఆర్కాసాకి దారి దొరికింది. ఆ దారిని తవ్వింది గయాన్. ఎదురుగా ఉన్న ఆర్మీ కెప్టెన్ లీలాండ్ డివోర్ తనకన్నా చాలా భారీ మనిషి. అతను గయాన్ చేతిలో దెబ్బలు తిని తిని, చివరికి ఓర్పు నశించి గయాన్‌ని తొక్కాడు. రిఫరీ డివోర్‌ని మైదానం నుంచి పంపించేశాడు. ఏ పద్ధతిలో ఎప్పుడు ఆడాలో పిలుపునిచ్చిందంతా వెల్చ్. అప్పట్లో కోచ్ గట్టు మీద నుంచి సైగ చేయడానికి కూడా వీల్లేదు, క్వార్టర్‌బ్యాక్ బుర్రే జట్టు బుర్ర.

అందుకే ఎవరైనా "థార్ప్ ఒంటిచేత్తో ఆర్మీని ఓడించాడు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. థార్ప్ గొప్పతనం తగ్గించాలని కాదు. 191 సార్లు బంతి పట్టి 1,869 గజాలు పరిగెత్తాడు, పైగా రెండు మ్యాచ్‌ల లెక్క అందులో లేనే లేదు. కానీ ఒక్కడి కథగా చెప్పేసరికి మిగతా పదిమందీ రెండోసారి పేర్లు పోగొట్టుకుంటున్నారు. మొదటిసారి బడి లాక్కుంది.

మూడో ప్రశ్నకు జవాబు: కాదు, విరగ్గొట్టలేదు. జరిగింది ఇదీ. ఐసెన్‌హోవర్, చార్లెస్ బెనెడిక్ట్ అనే ఇంకో కేడెట్ కలిసి థార్ప్‌ని రెండు వైపులా నుంచి గుద్ది మైదానం బయటికి పంపాలని చూశారు. థార్ప్ చటుక్కున ఆగడంతో ఇద్దరూ ఒకరినొకరు ఢీకొని, వాళ్లే బయటికి వెళ్లాల్సి వచ్చింది. మోకాలు దెబ్బతిన్నది మరుసటి వారం, నవంబరు 16న, టఫ్ట్స్‌తో ఆడుతుండగా. అది మానకముందే గుర్రపు స్వారీ విన్యాసాల్లో మళ్లీ తగిలి ఆట శాశ్వతంగా ఆగిపోయింది. ఐసెన్‌హోవర్‌కి థార్ప్ మీద ఎలాంటి కక్షా లేదు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఒక ప్రసంగంలో, తాను చూసిన ఫుట్‌బాల్ ఆటగాళ్లలో అంతటివాడు లేడని మెచ్చుకున్నాడు. సాధన మాత్రం చేసేవాడు కాదని కూడా అన్నాడు. ఆ ఒక్క మాట నేను ఒప్పుకోను. అంత తేలిగ్గా కనిపించాలంటే లోపల ఎంత చెమట ఉండాలో ఆటలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మూలవాసులకు అన్నీ పుట్టుకతో వస్తాయన్న పాత అభిప్రాయం ఆ మెచ్చుకోలు వెనక దాక్కుని ఉంది.

అదే నవంబరు 16న ఫిలడెల్ఫియాలో కార్లైల్ ఓడింది, పెన్ (పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం) 34, కార్లైల్ 26. వెస్ట్ పాయింట్ గెలుపు తర్వాత కాళ్లు నేల మీద లేవని కొందరంటారు. నేనైతే అలసట అంటాను. ఎనిమిది వారాల్లో అది పన్నెండో మ్యాచ్. తర్వాతి వారం స్ప్రింగ్‌ఫీల్డ్ మీద 30–24తో గట్టెక్కారు. ఆ 30 పాయింట్లూ థార్ప్ ఒక్కడివే, ఒక్కడే గెలిపించాడని చెప్పుకోదగ్గ మ్యాచ్ ఏదైనా ఉంటే అది ఇది. చివరిది నవంబరు 28, థాంక్స్‌గివింగ్ రోజు, ప్రావిడెన్స్‌లో బ్రౌన్ మీద, మంచు కురుస్తుండగా. 32–0, థార్ప్‌వి మూడు టచ్‌డౌన్లు. మొత్తం 14 మ్యాచ్‌లు, 12 గెలుపులు, ఒక ఓటమి, ఒక డ్రా, చేసినవి 504 పాయింట్లు, ఇచ్చినవి 114. ఆ ఏడు హార్వర్డ్ ఓడకుండా ముగించింది కాబట్టి ఛాంపియన్ ఎవరంటే కార్లైల్ పేరు రాయరు. అయినా 1912లో ఒక్క జట్టు ఆట చూసే భాగ్యం ఇస్తామంటే నేను హార్వర్డ్‌ని అడగను.

రెండు నెలలు తిరగకముందే, 1913 జనవరిలో, మసాచుసెట్స్‌లోని వూస్టర్ పత్రిక ఒకటి థార్ప్ అంతకుముందు నార్త్ కరొలైనాలోని రాకీ మౌంట్‌లో డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని రాసింది. డబ్బు తీసుకుని ఆడినవాళ్లకు అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటు లేదు. 1909, 1910 వేసవుల్లో ఆడిన మాట నిజమే. కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగ పేర్లతో ఆడేవారు, ఈయన సొంత పేరుతో ఆడాడు. ఒలింపిక్స్ అభ్యంతరాలకు పెట్టిన 30 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయినా పతకాలు లాగేసుకున్నారు. తమకు ఏమీ తెలియదని వార్నర్, సూపరింటెండెంట్ మోజెస్ ఫ్రీడ్‌మన్ చేతులు దులుపుకున్నారు. రెండేళ్లు బడికి దూరంగా ఉన్న తన మేటి ఆటగాడు ఎక్కడున్నాడో కోచ్‌కి తెలియదంటే నేను నమ్మను. 1982లో ఆయన్ని ఉమ్మడి విజేతగా మళ్లీ చేర్చారు, ఒక్కడే విజేత అని 2022లో ఒప్పుకున్నారు. ఆయన 1953లోనే పోయాడు.

డబ్బు సంగతి చెబుతానన్నాను కదా. దాన్ని బయటికి లాగింది పాత్రికేయులు కాదు, వెల్చ్. బడి నడుస్తున్న తీరుపై విచారణ జరపమని 276 మంది విద్యార్థుల సంతకాలతో అర్జీ పెట్టించాడు. 1914లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ సభ్యుల కమిటీ కార్లైల్‌కి వచ్చింది. ఆటల నిధి వార్నర్ గుప్పిట్లో ఎలా ఉందో, ఆటగాళ్లను ఎంత నీచంగా తిట్టేవాడో పిల్లలు ఎదురుగా కూర్చుని చెప్పారు. తనకు ఎత్తులన్నీ నేర్పిన కోచ్ మీద వెల్చ్ స్వయంగా సాక్ష్యం ఇచ్చాడు. ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ 1915 సీజన్‌కి పిట్స్‌బర్గ్ వెళ్లిపోయి అక్కడ ఇంకా పేరు సంపాదించాడు. కార్లైల్ జట్టు మళ్లీ ఆ స్థాయికి రాలేదు. 1918లో బడి మూసేసి సైనిక ఆసుపత్రిగా మార్చారు. గయాన్ జార్జియా టెక్‌కి వెళ్లి 1917లో అజేయ జట్టులో ఆడాడు. థార్ప్, గయాన్, కెలాక్ 1922లో ఒహైయోలో అంతా మూలవాసులే ఉన్న ఊరాంగ్ ఇండియన్స్ అనే వృత్తి జట్టులో మళ్లీ కలిశారు.

మీరు ఎప్పుడైనా ఇటు వస్తే ఆ చోటు చూడొచ్చు. ఇప్పుడక్కడ ఆర్మీ వార్ కాలేజీ ఉంది, సైనిక స్థావరం కాబట్టి గుర్తింపు కార్డు చూపించి లోపలికి వెళ్లాలి. వాళ్లు సాధన చేసిన మైదానాన్ని ఇప్పటికీ ఇండియన్ ఫీల్డ్ అనే అంటారు. 2024 డిసెంబరులో ఆ బడి స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. స్మశానానికి కూడా తప్పకుండా వెళ్లండి. బడిలో చదువుతూ జబ్బుచేసి పోయిన పిల్లల సమాధులు అక్కడున్నాయి. 1927లో వాటిని పాత చోటు నుంచి తవ్వి ఇక్కడికి మార్చారు, కొన్ని తెల్లరాళ్ల మీద పేరుండే చోట తెలియదు అనే రాసి ఉంటుంది. 2017 నుంచి తెగలవాళ్లు వచ్చి తమ పిల్లల అవశేషాలను ఒక్కొక్కటిగా సొంతూళ్లకు తీసుకెళుతున్నారు. నేను వెళ్లిన ప్రతిసారీ వరసల్లో ఖాళీలు కొంచెం పెరిగి కనిపిస్తాయి.